ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడు ఈ బోదకాలు మాత్రలు ఎందుకు మింగాలి?

సందేహాల_సుబ్బలక్ష్మి
నిన్న పొద్దున పదకొండింటికి ఆశా కార్యకర్త ఒకావిడా, ఆవిడతో ఇంకో అమ్మాయీ వచ్చారు. చేతిలో గీతలు గీసిన కర్ర. నన్ను గోడకి ఆనించి నిలబెట్టి ఎత్తు చూసి చేతిలో మాత్రలు పోశారు. లెక్కపెడితే ఏడు! మూడు ఒక రకం, మూడు ఇంకో రకం, ఒకటి నమిలి మింగాలట. మా ఆయన నాకంటే పొడుగు కాబట్టి ఆయనకి ఎనిమిది అట. పైగా "మా ముందే వేసుకోవాలమ్మా, టేబుల్ మీద పెట్టి వెళ్ళకూడదు" అంటుంది. శనివారం కదా ఒంటిపూట ఉన్నాను, ఏమీ తినలేదు అన్నాను. అయితే వద్దు, సోమవారం మళ్ళీ వస్తాను, తిని ఉండండి అని వెళ్ళిపోయింది.
మేము ఉండేది మూడో అంతస్తులో. మా ఇంట్లో, మా వాళ్ళలో ఎవరికీ బోదకాలు లేదు. నాలుగేళ్ళ పిల్లాడున్నాడు, వాడికీ వేయాలట. మా అత్తయ్య ఎప్పుడో ఈ మాత్రలు వేసుకుని రాత్రంతా వాంతులు చేసుకుందట, ఆవిడైతే అసలు తలుపే తీయొద్దంటోంది. జబ్బు లేనివాళ్ళకి మందేంటండీ? వేసుకోవాలా వద్దా, తెలిసినవాళ్ళు చెప్పండి. సోమవారం లోపు.

ఎర్రబస్సు
మా ఇంట్లో ఈ మాత్రలు వేసుకునేది ఫ్రిజ్ మీద ఉన్న స్టీలు డబ్బా. మూడేళ్ళుగా వేసుకుంటోంది. దానికి ఇంతవరకు బోదకాలు రాలేదు.

రెండోకాఫీ
@ఎర్రబస్సు 😂 డబ్బాకి ఎత్తు కొలిచారా మరి

అడిగేవాడు
మంచి ప్రశ్న వేశారు. ఊళ్ళో ఒకరికో ఇద్దరికో జబ్బుంటే ఊరందరికీ మందు పోయడం ఎక్కడి న్యాయం? టెస్ట్ చేయండి, ఉన్నవాడికి ఇవ్వండి. అది వదిలేసి కర్ర పట్టుకుని ఎత్తు కొలిచి గుప్పెడు మాత్రలు. అవి ఏ కంపెనీవి, ఎందుకు ఫ్రీగా ఇస్తున్నారు అని ఒక్కరూ అడగరు.

గోదారిగట్టు
@ఎర్రబస్సు మీ డబ్బాకి ఇంకా రాలేదంటే సరేగానీ, మీకు లేదని మీకెలా తెలుసు? నవ్వులాట కాదు, నిజంగానే అడుగుతున్నా.
మా పెద్దమ్మది. పెళ్ళినాటి ఫోటోలో కాళ్ళకి పట్టీలు పెట్టుకుని చక్కగా కూర్చుని ఉంటుంది. ముప్పై దాటాక ఒక వానాకాలం చలిజ్వరం వచ్చి గజ్జల్లో బిళ్ళ కట్టింది. నాలుగు రోజులకి తగ్గింది. మళ్ళీ ఆరు నెలలకి. అలా వచ్చిపోతూ వచ్చిపోతూ ప్రతిసారీ పాదం మీద వాపు కొంచెం మిగిల్చి పోయేది. మొదట పట్టీలు బిగుతయ్యాయి, తర్వాత తీసేసింది. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ చెప్పులు వేసుకోవడమే లేదు, ఎందుకంటే ఆ కాలికి పట్టే చెప్పు ఏ షాపులోనూ ఉండదు. పెళ్ళిళ్ళకి వచ్చేది కాదు. వచ్చినా వంటింట్లోనే పీట వేసుకుని కూర్చుని చీర కుచ్చెళ్ళు కాలి మీదకి లాక్కునేది. ఇప్పటికీ ఆవిడ అనగానే నాకు గుర్తొచ్చేది ఆ లాక్కోవడమే.
దోమ కాటుతో ఈ జబ్బు పురుగు ఒంట్లోకి ఎప్పుడు దూరిందో ఎవరికి తెలుసు? బహుశా చిన్నప్పుడే. కాలు వాచేదాకా మనిషికి ఏమీ తెలియదు, వాచాక ఏ మాత్ర వేసినా పాత కాలు తిరిగిరాదు. అదీ దీనితో తంటా.

సందేహాల_సుబ్బలక్ష్మి
@గోదారిగట్టు చదువుతుంటే ఎలాగో అయిపోయిందండీ. కానీ మీది గోదావరి జిల్లా, అక్కడ ఎప్పటినుంచో ఉన్న జబ్బే కదా. మాది సిటీ, అపార్ట్‌మెంట్. ఇక్కడ ఎవరికి ఉంటుంది?

మోరీపక్కిల్లు
సిటీ అయితే దోమలు లేవా అక్కా? మా ఇంటి పక్కనే మోరీ, సాయంత్రం ఆరు దాటితే కిటికీ తెరవలేం. ఈ దోమ డెంగీ దోమలా మంచినీళ్ళలో కాదు, మురికినీళ్ళలోనే పెరుగుతుంది. క్యూలెక్స్ అంటారు దాన్ని. మోరీలు, సెప్టిక్ ట్యాంకులు, నిలిచిపోయిన కాలవలు... అంటే సిటీయే దానికి పుట్టిల్లు. మా నల్గొండ వైపు కూడా ఈ జబ్బు ఉంది, తెలంగాణలో బోదకాలు ఉన్నవాళ్ళకి ఆసరా పెన్షన్ కూడా ఇస్తున్నారు, గోదావరి జిల్లాల సొత్తేమీ కాదు.

కొబ్బరిబొండం
మా సొత్తు అని మేమూ అనడం లేదండి, తీసుకెళ్తానంటే సంతోషంగా ఇచ్చేస్తాం

మందులకొట్టు
దుకాణంలో రోజుకి పది మంది అడుగుతున్నారు కాబట్టి ఒక్కసారే రాస్తా. ఏడు మాత్రలు అని కంగారు పడకండి, మూడు మందులే. బోదకాలు పురుగుని చంపే డీఈసీ వయసును బట్టి: రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకి ఒకటి, ఆరు నుంచి పద్నాలుగుకి రెండు, ఆ పైన మూడు. ఆల్బెండజోల్ ఒకటే, అది మనం పిల్లలకి నులిపురుగులకి వేసేదే, నమలాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రం ఎత్తును బట్టి, అందుకే కర్ర. బరువు తూచే మిషన్ మోసుకుని మెట్లెక్కలేరు కదా, ఎత్తుని బట్టి బరువు అంచనా వేస్తారు. మీ నాలుగేళ్ళ బాబుకి ఐవర్‌మెక్టిన్ ఇవ్వరు, మిగతా రెండే.
ఎవరు వేసుకోకూడదు: రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, కొత్తగా కాన్పయి వారం కూడా కానివాళ్ళు, జబ్బు చేసి మంచం పట్టినవాళ్ళు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు వేసుకోవచ్చు. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. ఒంటిపూట అని చెప్పి మంచిపని చేశారు, అలా చెప్పకుండా మొహమాటానికి మింగేసి తర్వాత కళ్ళు తిరిగి పడిపోయి "మందు పడలేదు" అనేవాళ్ళే ఎక్కువ.

రెండోకాఫీ
ఐవర్‌మెక్టిన్ అంటే కరోనాలో జనం ఎగబడి కొన్నదేనా?

మందులకొట్టు
అదే. అప్పుడు పనికిరాని జబ్బుకి కావాలని గొడవ చేశారు, ఇప్పుడు పనికొచ్చే జబ్బుకి ఫ్రీగా ఇంటికొస్తే తలుపు తీయరు.

ఎర్రబస్సు
డబ్బు తీసుకోని మందు మీద మనకి నమ్మకం ఉండదు సార్. యాభై రూపాయలు పెట్టి చూడండి, క్యూ కడతాం.

అడిగేవాడు
@మందులకొట్టు డోసు లెక్కలు బాగా చెప్పారు. నేనడిగినదానికి జవాబు రాలేదు. టెస్ట్ చేసి ఉన్నవాడికే ఎందుకు ఇవ్వరు?

స్లైడుల_శాస్త్రి
నేను చెప్తాను. ఫైలేరియా, అంటే బోదకాలు, విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను.
టెస్ట్ చేయాలంటే రాత్రి చేయాలి. ఈ పురుగు పిల్లలు, మైక్రోఫైలేరియా అంటాం, పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని రాత్రి అయ్యాకే పై రక్తంలోకి వస్తాయి. ఎందుకంటే వాటిని మోసుకెళ్ళే దోమ కుట్టేది రాత్రే. ఆ టైమింగ్ చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అందుకని మేము ఎనిమిదిన్నర, తొమ్మిదికి ఊళ్ళోకి దిగి పన్నెండు దాకా తలుపులు కొట్టేవాళ్ళం. అర్ధరాత్రి తలుపు కొట్టి "వేలు చాపండి, రక్తం కావాలి" అంటే ఎవరు చాపుతారు? మమ్మల్ని చూసి తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. కుక్కలు సరేసరి, నా ఎడమ పిక్క మీద గుర్తు ఉంది ఇంకా.
తెచ్చిన స్లైడులు ఆరబెట్టాలి. ఆరబెట్టినచోట చీమలు, బొద్దింకలు చేరి ఎండిన రక్తం తినేస్తాయి. పొద్దున్నే చూస్తే గాజు పలక శుభ్రంగా ఉండేది, రాత్రంతా పడ్డ కష్టం బొద్దింక పాలు. తర్వాత ట్రే కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టడం మొదలెట్టాం, వంటింట్లో పాల గిన్నెకి చేసినట్టు.
ఒకసారి కబడ్డీ ఆడే కుర్రాడొకడు, ఇరవై రెండేళ్ళుంటాయి, మా మీద పందెం వేసి వేలు ఇచ్చాడు: "నా ఒంట్లో ఏమైనా దొరికితే గుండు కొట్టించుకుంటా" అని. స్లైడు వేయకుండా ముందు ఒక పచ్చి చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఎర్ర కణాలని తోసుకుంటూ మెలికలు తిరుగుతోంది, ఒకటి కాదు, నాలుగు. వాడిని పిలిచి చూపించాను. కళ్ళు తీసి మళ్ళీ పెట్టి చూశాడు. "ఇది నాదేనా" అన్నాడు. కాళ్ళు చూస్తే తాటిమొద్దుల్లా గట్టిగా, నున్నగా ఉన్నాయి, వాపు అనే మాటే లేదు. వాడు ఆ ఊళ్ళో ఎన్నేళ్ళుగా ఎంతమంది దోమలకి సరుకు అందిస్తున్నాడో!
అదీ మీ ప్రశ్నకి జవాబు. కాలు వాచినవాడి రక్తంలో చాలాసార్లు ఏమీ దొరకదు. దొరికేది ఇలాంటివాళ్ళ దగ్గర. వాళ్ళెవరో మొహం చూసి చెప్పలేం. ఇప్పుడు పగలు కూడా చూసే కార్డు టెస్టులు వచ్చాయి, కానీ లక్షల మందికి అవి చేస్తూ కూర్చునేకంటే మాత్ర మింగించడం చవక, తేలిక.

మోరీపక్కిల్లు
గుండు కొట్టించుకున్నాడా??

స్లైడుల_శాస్త్రి
కొట్టించుకున్నాడు. మందు కూడా కోర్సు పూర్తిగా వాడాడు. గుండు చూసి వాళ్ళమ్మ ఎవరికి ఏమైందో అని ఏడ్చింది పాపం.

సందేహాల_సుబ్బలక్ష్మి
అంటే నాకు లేదు అని నేను అనుకోవడం కూడా ఆ కుర్రాడు అనుకున్నట్టేనా? ఇప్పుడు కొత్త టెన్షన్ పెట్టారు మీరు.

అడిగేవాడు
@స్లైడుల_శాస్త్రి మీరు చెప్పినది ఒప్పుకుంటాను, రాత్రి టెస్ట్ విషయం నాకు తెలియదు. కానీ ఒక్క డోసుతో పోతుందా? మరి మళ్ళీ ఏడాది ఎందుకు వస్తారు? 2004 నుంచి దేశమంతా ఇస్తూనే ఉన్నారు. ఇరవై ఏళ్ళు దాటింది. అంత మంచి మందైతే ఈపాటికి పోవాలి కదా. ముందు ఐదేళ్ళు అన్నారు, తర్వాత 2015 అన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు.

గోదారిగట్టు
@అడిగేవాడు దానికి జవాబు @ఎర్రబస్సు ఫ్రిజ్ మీద ఉంది.

ఎర్రబస్సు
అయ్యో నన్నెందుకండీ మధ్యలో

ఆశావాళ్ళబ్బాయి
గోదారిగట్టు గారు అన్నది ముమ్మాటికీ నిజం. మా అమ్మ ఆశా కార్యకర్త, ఈ పని మొదటినుంచీ చూస్తున్నా. ముందు చేతిలో పెట్టి, రిజిస్టర్లో టిక్కు పెట్టి వచ్చేసేవాళ్ళు. కాగితం మీద ఊరంతా మింగినట్టే. అసలు మింగినవాళ్ళు ఎంతమంది అంటే ఆ పై వాడికే తెలియాలి. అమ్మ ఒకసారి మర్నాడు అదే వీధిలో వెళ్తుంటే చెత్తకుండీలో స్ట్రిప్పులు స్ట్రిప్పులుగా కనబడ్డాయట, ఇంటికొచ్చి అన్నం తినలేదు. అందుకే ఇప్పుడు "మా ముందే" అని పట్టుబడతారు, అది మీ మీద అనుమానం కాదు.
ఆవిడ రోజు ఎలా ఉంటుందో చెప్తా. పొద్దున వెళ్తే ఆడవాళ్ళు వంటలో, మగవాళ్ళు పనికి పోయి ఉంటారు. మధ్యాహ్నం వెళ్తే నిద్ర చెడగొట్టారని తిడతారు. సాయంత్రం వెళ్తే సీరియల్. అపార్ట్‌మెంట్లలో అయితే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. జాలీ తలుపు లోపలినుంచే "మేము వేసేసుకున్నాం" అంటారు, మింగినవాళ్ళ వేలి గోరు మీద పెట్టే మార్కర్ గీత చూపించమంటే చూపించరు. ఒకాయన ఇవి పిల్లలు పుట్టకుండా చేసే మాత్రలు అని వీధంతా చెప్పాడు. అమ్మ ఏం చేసిందంటే ఆయన ముందు నిలబడి తన డోసు తనే నమిలి మింగి "నాకు ముగ్గురు పిల్లలు, ఇంక ఎలాగూ వద్దు, మీకెందుకు భయం" అంది 😄 ఇన్నీ పడి వచ్చే నాలుగు డబ్బులు చెప్తే మీరే నవ్వుతారు.

స్లైడుల_శాస్త్రి
@అడిగేవాడు ఏటా ఎందుకు అంటే, ఈ మందు రక్తంలో తిరిగే పిల్లల్ని బాగా చంపుతుంది, గజ్జల దగ్గర గూడు కట్టుకున్న తల్లి పురుగు అంత తేలిగ్గా చావదు. అది నాలుగైదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతికి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. దాని ఆయుష్షు తీరేదాకా ఏటేటా రక్తం శుభ్రంగా ఉంచితే దోమకి మోయడానికి సరుకు దొరకదు. ఇది మలేరియాలా దోమ కడుపులో పెరిగి వందలయ్యే రకం కాదు, దోమ ఎన్ని పీల్చిందో అన్నే, ఇంకా తక్కువే, బయటికొస్తాయి. ఒక్క కాటుతో జబ్బు రాదు, ఏళ్ళ తరబడి వందల వేల కాట్లు పడాలి. అందుకే దీన్ని తుడిచేయడం సాధ్యమే. కానీ ఊళ్ళో మూడింట రెండొంతుల మందైనా నిజంగా మింగాలి. కాగితం మీద మింగితే లాభం లేదు. మూడు మందులు కలిపి ఇవ్వడం కొన్ని జిల్లాల్లో 2018 నుంచి మొదలెట్టారు, రెండు మందులకంటే త్వరగా శుభ్రం చేస్తుందని.

కొబ్బరిబొండం
శ్రీలంక 2016లోనే బోదకాలు లేని దేశం అనిపించుకుంది. బంగ్లాదేశ్ 2023లో. చైనా అయితే 2007లోనే, వాళ్ళు ఉప్పులో కలిపేశారు డీఈసీని, తలుపులు కొట్టే పనే లేకుండా. మన పక్క ఇళ్ళు కొన్ని శుభ్రం చేసుకున్నాయి, మనం మాత్రం ఇంకా మాత్ర మింగాలా వద్దా అని చర్చ.

రెండోకాఫీ
ఉప్పులో కలిపితే మనవాళ్ళు ఉప్పు మానేసి సైంధవ లవణం తింటారు

అడిగేవాడు
శ్రీలంక వాళ్ళు ఉత్త మాత్రలతోనే పోగొట్టారా? డ్రైనేజీ పట్టించుకోలేదా? నా బాధ అదే. మా వీధి మురిక్కాలువ పదిహేనేళ్ళుగా అలాగే ఉంది. పై మూత లేదు, పారే దారి లేదు. ఏటా మాత్రలు మాత్రం వస్తాయి. మాత్ర వేసి మురిక్కాలువ మర్చిపోతారు, అదీ నా కోపం.

మోరీపక్కిల్లు
ఈ ఒక్క విషయంలో మీకు నూటికి నూరు మార్కులు అన్నా. మోరీ అనండి మురిక్కాలువ అనండి, కంపు ఒకటే. కంప్లైంట్ పెడితే ఫాగింగ్ బండి వచ్చి ఒక రౌండు పొగ కొట్టి ఫోటో దిగి పోతుంది. మర్నాడు దోమలు ఫ్రెష్‌గా లేస్తాయి.
నేను చేసిన పని ఒకటి చెప్తా, ఖర్చు ఇరవై రూపాయలు కూడా కాదు. సెప్టిక్ ట్యాంకు నుంచి పైకి వెళ్ళే గాలి గొట్టం ఉంటుంది కదా, దాని మూతికి నైలాన్ జాలీ ముక్క చుట్టి వైరుతో బిగించా. కట్టిన మూడో రోజు పైకెక్కి చూస్తే జాలీ లోపలి వైపు దోమలు నల్లగా పేరుకుని ఉన్నాయి. అవన్నీ మా ఇంట్లోకి రావాల్సిన చుట్టాలే! అప్పటినుంచి వీధిలో పదకొండు ఇళ్ళకి నేనే నిచ్చెన వేసుకుని కట్టిపెట్టా. @సందేహాల_సుబ్బలక్ష్మి అపార్ట్‌మెంట్ అంటే పెద్ద ట్యాంకు ఉంటుంది, మీ సెక్రటరీని ముందు అది చూడమనండి.

సందేహాల_సుబ్బలక్ష్మి
ఆ గొట్టం మా బాల్కనీ పక్కనుంచే పోతుంది. ఇప్పుడే వెళ్ళి చూశా. జాలీ లేదు. మూడో అంతస్తు కాబట్టి దోమలు రావు అనుకునేదాన్ని, లిఫ్ట్ మా ఇంటి పక్కనే ఉందన్నమాట వాటికి.

దారెస్సలాం_దొర
నేను టాంజానియాలో ఉంటున్నా, ఇక్కడ కూడా ఇదే గొడవ. కాలు వాస్తే మటెండె అంటారు, మగవాళ్ళకి వృషణాల దగ్గర నీరు చేరి వాచే వరిబీజాన్ని బూషా అంటారు. మా డ్రైవర్ చెప్పేవాడు, కొబ్బరి బొండాలు ఎక్కువ తాగితే బూషా వస్తుందని. తీరం పొడుగునా చాలామంది అదే నమ్ముతారు. కొబ్బరిచెట్లూ దోమలూ రెండూ తీరంలోనే కదా ఎక్కువ, నేరం బొండం మీద పడింది.
ఇంకో విషయం, ఇక్కడ డీఈసీ ఇవ్వరు. ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ రెండే. ఎందుకంటే ఆఫ్రికాలో నదుల దగ్గర ఇంకో పురుగు జబ్బు ఉంది, కళ్ళు పోగొట్టే రకం, అది ఉన్నవాళ్ళకి డీఈసీ పడితే కళ్ళకి ప్రమాదం. మధ్య ఆఫ్రికాలో కొన్నిచోట్ల ఇంకో పురుగు ఉంది, అక్కడ ఐవర్‌మెక్టిన్ కూడా చూసి చూసి ఇవ్వాలి. కాబట్టి @అడిగేవాడు గారు, గుడ్డిగా అందరికీ పోస్తున్నారు అనుకోకండి, ఏ నేలకి ఏ మందో లెక్క ఉంది. కంపెనీ గురించి అడిగారు కదా, ఐవర్‌మెక్టిన్‌ని ఆ కళ్ళ జబ్బుకి 1987 నుంచి కంపెనీయే ఉచితంగా ఇస్తోంది. జపాన్‌లో మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందు అది, దానికే 2015లో నోబెల్ ఇచ్చారు.

కొబ్బరిబొండం
బొండం మీద నింద వేసిన ఆ డ్రైవర్ నంబర్ ఇవ్వండి, నా పేరు మీద పరువు నష్టం దావా వేస్తా

రెండోకాఫీ
దోమ జబ్బు మోస్తుందని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే కదా, రొనాల్డ్ రాస్?

స్లైడుల_శాస్త్రి
అది మలేరియా, 1897. అంతకు ఇరవై ఏళ్ళ ముందే 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు ఈ ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరగడం చూశాడు. తన దగ్గర పనిచేసే మనిషి రక్తంలో పురుగు ఉంటే అతన్ని దోమలతో కుట్టించి మరీ చూశాడు. ఆ మాన్సనే తర్వాత రాస్‌కి గురువు. కాబట్టి వరసకి మన బోదకాలే అన్న, మలేరియా తమ్ముడు.

పేరెందుకులే
ఇది రాయడానికే కొత్త పేరుతో వచ్చాను. పైన ఆయన వరిబీజం మాట తెచ్చారు కాబట్టి.
ఆడవాళ్ళ కాలు అందరికీ కనబడుతుంది, మగవాడిది కనబడదు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు మొదలైంది. బరువులు ఎత్తడం వల్ల అనుకున్నా. ఎవరికి చెప్పను? తొమ్మిదేళ్ళు దాచాను. ప్యాంటు మానేసి లుంగీకి మారాను, సైకిల్ మానేశాను, నలుగురిలో కూర్చుంటే ఒళ్ళో సంచి పెట్టుకునేవాణ్ణి. రెండు సంబంధాలు నేనే ఏదో వంక పెట్టి తప్పించుకున్నా. ఇంట్లో పొగరు అనుకున్నారు. ఇది కూడా అదే దోమ, అదే పురుగు అని నాకు అస్సలు తెలియదు, బోదకాలు అంటే కాలే అనుకునేవాణ్ణి. చివరికి మాత్రలు ఇవ్వడానికి వచ్చిన మగ హెల్త్ వర్కర్ ఒకతను బయటికి తీసుకెళ్ళి చెవిలో అడిగాడు, "వాపు ఏమైనా ఉందా అన్నా, సిగ్గుపడకు" అని. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేశారు, పైసా కాలేదు. కుట్లు మానాక మొట్టమొదట చేసిన పని సైకిల్ తొక్కడం. ఇప్పుడు పెళ్ళయింది, పాప ఉంది.
ఎవరైనా నాలాంటివాళ్ళు చదువుతుంటే అడగండి, అంతే. చాలా చిన్న ఆపరేషన్ అది. తొమ్మిదేళ్ళు దాచేంత సంగతి కాదు.

గోదారిగట్టు
@పేరెందుకులే మీరు రాసినందుకు దండం పెట్టాలి.

ఎర్రబస్సు
ఇంత సీరియస్ అవుతుందని తెలిస్తే డబ్బా జోకు వేసేవాణ్ణి కాదు.

మోరీపక్కిల్లు
ఇప్పటికే కాలు వాచినవాళ్ళ సంగతేంటి? మా మేనత్తకి ఉంది. ఏడాదికి నాలుగైదుసార్లు జ్వరం, కాలు ఎర్రగా కాలిపోతుంది.

గోదారిగట్టు
మా పెద్దమ్మకి ఆఖరి పదేళ్ళు ఆ జ్వరాలు దాదాపు రాలేదు. మందు కాదు, సబ్బు. నర్సమ్మ ఒకావిడ నేర్పింది, మా అక్క రోజూ చేసేది. రెండు పూటలా మామూలు నీళ్ళు, మామూలు ఒంటి సబ్బు. చేత్తో మెల్లగా, పీచుతో రుద్దకూడదు. అసలు కిటుకు వేళ్ళ సందుల్లో ఉంది. వాచిన కాలికి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి సందులు చెమ్మగా ఉండి పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళలోంచి క్రిములు లోపలికి పోతాయి, దాంతోనే జ్వరం. మా అక్క పాత నూలు చీర చింపి చిటికెన వేలంత పేలికలు చేసి పెట్టుకునేది. ఒక్కో సందులో ఒక్కో పేలిక దూర్చి అద్ది తీసేది, తుడవడం కాదు, అద్దడం. పగులు కనబడితే నర్సమ్మ ఇచ్చిన ఆయింట్‌మెంటు. పడుకున్నప్పుడు కాలి కింద రెండు దిళ్ళు. చెప్పులు మెత్తటివి కుట్టించింది. కాలు సన్నబడలేదు, కానీ ఆవిడ మళ్ళీ గుమ్మం బయట కూర్చోవడం మొదలెట్టింది. మేనత్తగారిని జ్వరం వచ్చినప్పుడు మాత్రం డాక్టరుకి చూపించండి, ఆ టైములో కాలు రుద్దడం, కాపడం పెట్టడం లాంటివి చేయకండి.

మోరీపక్కిల్లు
ఇప్పటిదాకా ఉప్పు వేసి కాచిన నీళ్ళ కాపడమే పెడుతున్నాం. ఇవాళే ఫోన్ చేసి చెప్తా.

సందేహాల_సుబ్బలక్ష్మి
సోమవారం అయిపోయింది, ఏమైందో చెప్తున్నా. ఆవిడ సాయంత్రం వచ్చింది, అప్పటికే అందరం ఇడ్లీలు తిని సిద్ధంగా ఉన్నాం. నేను ఏడు, మా ఆయన ఎనిమిది, బాబు రెండు (ఆల్బెండజోల్ తియ్యగా ఉందని ఇంకోటి అడిగాడు). అత్తయ్య గదిలోంచి రాలేదు.
రాత్రి పదకొండుకి నాకు తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, జ్వరం వంద. మా ఆయన గుర్రు పెట్టి నిద్ర. పొద్దున్నకి పారాసెటమాల్‌తో తగ్గింది. అత్తయ్య "చెప్పానా" అన్నట్టు చూస్తోంది. మా ఆయనకి ఏమీ లేకుండా నాకే ఎందుకు?

స్లైడుల_శాస్త్రి
ఒంట్లో పురుగు లేనివాళ్ళకీ కొంచెం తలనొప్పి, వికారం ఉండొచ్చు. కానీ పురుగు పిల్లలు రక్తంలో ఒక్కసారిగా చచ్చినప్పుడు ఒళ్ళు అలా జ్వరం చూపిస్తుంది, అది ఒకటి రెండు రోజుల్లో పోతుంది. తగ్గకపోతే, దద్దుర్లో ఆయాసమో ఉంటే వెంటనే పీహెచ్‌సీకి వెళ్ళండి. మీరు చిన్నప్పుడు ఎక్కడ పెరిగారు?

సందేహాల_సుబ్బలక్ష్మి
కాకినాడ దగ్గర. ఇంటి వెనకే పెద్ద కాలువ. వేసవిలో అందరం డాబా మీద దోమతెర లేకుండా పడుకునేవాళ్ళం.
అంటే?? ఇప్పుడు రాత్రి రక్తం టెస్ట్ చేయించుకుంటే తెలుస్తుందా?

స్లైడుల_శాస్త్రి
మూడు మందులూ పడ్డాక స్లైడులో దాదాపు ఏమీ దొరకదమ్మా, ఉన్నవీ చాలావరకు పోయి ఉంటాయి. కార్డు టెస్టులో తెలియొచ్చు, కావాలంటే చేయించుకోండి. ఉన్నా లేకపోయినా వచ్చే ఏడాది ఆవిడ వచ్చినప్పుడు చేసే పని ఒకటే.

అడిగేవాడు
నేను ఇంకా వేసుకోలేదు, అదీ చెప్తున్నా. కానీ గాలి గొట్టానికి జాలీ కట్టాను. మా కాలువ సంగతి తేలేదాకా నా నిరసన కొనసాగుతుంది.

మోరీపక్కిల్లు
@అడిగేవాడు రెండూ చేయొచ్చు అన్నా, ఎవరూ కాదనరు

ఎర్రబస్సు
ఒక సందేహం, నవ్వకండి. డబ్బాలో ఉన్న మూడేళ్ళ మాత్రలూ కలిపి ఒకేసారి వేసుకుంటే బాకీ తీరుతుందా?

మందులకొట్టు
వద్దు మహానుభావా!! తేదీ దాటిపోయి ఉంటాయి, పైగా ఎవరి డోసు ఎవరిదో. పిల్లలకి అందకుండా తీసి ఆశా ఆవిడకే అప్పగించండి, కొత్తవి ఆవిడే ఇస్తుంది.

ఎర్రబస్సు
మా వీధికి వచ్చి వెళ్ళిపోయారు, తాళం వేసి ఉందని రాసుకున్నారట. మళ్ళీ వస్తారా?

ఆశావాళ్ళబ్బాయి
తప్పిపోయిన ఇళ్ళకి రెండోసారి వస్తారండి. మీ ఏరియా ఆవిడ ఎవరో అంగన్‌వాడీలో అడిగితే చెప్తారు. పక్కనే అమ్మకి చదివి వినిపిస్తున్నా, ఒక మాట రాయమంటోంది: భోంచేసి ఉండమను, కుక్క ఉంటే కట్టేయమను.